తెరపై గీసే దీవి: అండమాన్ విద్యార్థికి డిజిటల్ చిత్రకళ ఏమివ్వగలదు?

చెన్నై నుంచి అండమాన్ దీవులకు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు. 2020 ఆగస్టు 10న దాన్ని ప్రారంభించారు. అప్పటి పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, రంగత్ వంటి చోట్లకూ అది చేరింది. అంతకుముందు దీవుల ఇంటర్నెట్ దాదాపు ఉపగ్రహం మీదే ఆధారపడేది. బొమ్మలు గీసే విద్యార్థికి ఈ కేబుల్‌తో ఏం పని?

చిన్న లెక్క చూద్దాం. ఏ4 కాగితం మీద అచ్చువేయదగ్గ బొమ్మకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 2,480 అడ్డం, 3,508 నిలువు పిక్సెళ్లు కావాలి. అంటే దాదాపు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అని నాలుగు బైట్లు వేసుకుంటే ఒక్క పొరకే 35 మెగాబైట్లు. చిత్రకారులు రేఖలకు ఒక పొర, నీడలకు ఒకటి, నేపథ్యానికి ఒకటి అని ఇరవై దాకా వాడతారు. ఇరవై పొరలంటే 700 మెగాబైట్లు. ఫోన్‌లో బొమ్మ వేసేటప్పుడు "ఇక పొరలు చేర్చలేం" అని యాప్ మొరాయించేది ఇందుకే. భద్రపరిచేటప్పుడు కుదించినా ఫైలు పెద్దదే. 500 మెగాబైట్ల ఫైలును సెకనుకు 512 కిలోబిట్ల వేగంతో పంపితే రెండు గంటలు దాటుతుంది. 20 మెగాబిట్ల వేగంతో మూడున్నర నిమిషాలు చాలు. గడువులోపు పని అప్పగించాల్సిన వృత్తిలో ఈ తేడా చిన్నది కాదు.

2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపు ఉన్నాయి. అలాంటి ఇంట్లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న నగరంలో డిగ్రీ చదివే ఒక విద్యార్థిని ఊహించుకుందాం. కాలేజీ నుంచి వచ్చి రాత్రిళ్లు ఫోన్ తెర మీద వేలితో బొమ్మలు వేస్తుంది. "ఈ బొమ్మలతో ఏం బతుకుతావమ్మా?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతిభ ఉందన్న పొగడ్తతో దానికి జవాబు రాదు.

ముందు పనిముట్టు సంగతి. వేలికి ఒత్తిడి తేడాలు సరిగా పట్టుబడవు, అందుకే పెన్ టాబ్లెట్. చాలా టాబ్లెట్ల పెన్నులో బ్యాటరీ ఉండదు. పలక కింద ఉన్న తీగచుట్టల వల విద్యుదయస్కాంత తరంగాలను పంపుతుంది, పెన్నులోని చిన్న వలయం ఆ శక్తితోనే తిరిగి సంకేతం ఇస్తుంది. మొనను నొక్కితే ఆ సంకేతం మారుతుంది. దాన్నిబట్టి గీత సన్నమో లావో తేలుతుంది. 1963లో ఇవాన్ సదర్లాండ్ కాంతి కలంతో తెరపై గీసే 'స్కెచ్‌ప్యాడ్'ను తయారు చేసినప్పుడు అందుకు గది నిండే కంప్యూటర్ కావలసి వచ్చింది. ఇవాళ మామూలు ల్యాప్‌టాప్‌లో క్రిటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ ఉచితంగా నడుస్తాయి. ఉచితం కదా అని తీసిపారేయనక్కరలేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో'ను బ్లెండర్‌తోనే తీశారు.

ఇక అసలు భయం కృత్రిమ మేధ. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ వచ్చేస్తుంది. శిక్షణ బొమ్మలకు క్రమంగా గరుకు చుక్కలు కలిపి, వాటిని తొలగించడం యంత్రానికి నేర్పుతారు. నేర్చిన యంత్రం వట్టి చుక్కల గందరగోళం నుంచి కొత్త బొమ్మను తేలుస్తుంది. ఆ శిక్షణకు ఇంటర్నెట్ నుంచి సేకరించిన కోట్లాది చిత్రాల కోసం చిత్రకారుల అనుమతి అడగలేదు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో విడుదల చేసిన 'గ్లేజ్' బొమ్మలో కంటికి అంతగా తెలియని మార్పులు చేసి శైలిని కాపీ కొట్టడం కష్టం చేస్తుంది. అదీ పూర్తి రక్షణ కాదు. శుభాకాంక్షల కార్డులు, పుస్తకాల ముఖచిత్రాల వంటి పనులు తగ్గుతాయని విద్యార్థి ముందే తెలుసుకోవడం మంచిది.

అయితే యంత్రం తనకు ఎక్కువగా చూపినదాన్నే బాగా గీస్తుంది. నార్కొండం అనే దాదాపు ఏడు చదరపు కిలోమీటర్ల దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని హార్న్‌బిల్ పక్షి ఉంది. మగపక్షికి తల, మెడ ఎరుపు గోధుమ రంగు, ఆడదానికి నలుపు. ఇలాంటి అరుదైన జీవిని గీయమంటే యంత్రం వేరే జాతి లక్షణాలు కలిపేయవచ్చు. శాస్త్ర చిత్రంలో అది అలంకారలోపం కాదు, తప్పుడు సమాచారం. ఫొటో ఒక్క జీవిని ఒక్క వెలుతురులో చూపుతుంది. చిత్రకారుడు మాత్రం జాతిని గుర్తించడానికి కావలసిన లక్షణాలన్నీ ఒకే బొమ్మలో స్పష్టంగా పెట్టగలడు. జంతుశాస్త్ర గ్రంథాల్లో నేటికీ చేతిబొమ్మలు ఉండటానికి కారణం ఇదే.

నార్కొండం వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. కానీ ఇళ్ల దగ్గరే పగటిపూట తిరిగే అండమాన్ ఆకుపచ్చ బల్లి ఉంది, వీపు మీద ఎర్రటి చుక్కలతో. దాన్ని గీయడం కూడా ఒక పాఠమే. తెర మీద మెరిసే ఆ పచ్చదనం అచ్చులో మసకబారుతుంది, ఎందుకంటే నాలుగు సిరాల ముద్రణ అన్ని పచ్చలనూ పలికించలేదు. పగడపు దిబ్బను గీసేవారికి ఇంకో చిక్కు: నీటిలో ఎరుపు కాంతి ముందుగా ఇంకిపోతుంది, కొన్ని మీటర్ల లోతుకే ఎర్రని చేప బూడిదరంగులో కనబడుతుంది. ఏ రంగు వేయాలి, ఉన్నదా, కనబడేదా? నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ మెళకువలకన్నా ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడమే ముఖ్యం. హడ్డోలోని భారత జంతు సర్వే మ్యూజియం, నౌకాదళం నడిపే సముద్రిక, చిడియా టాపు జీవశాస్త్ర ఉద్యానం ఇందుకు దగ్గరి బడులు.

డిగ్రీ తర్వాత దారి కావాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల ఎం.డిజైన్‌లో చేరవచ్చు. జాతీయ డిజైన్ సంస్థలకు వేరే ప్రవేశ పరీక్ష ఉంది. ఈ పరీక్షలు బొమ్మ అందాన్ని మాత్రమే చూడవు, పరిశీలననూ ఆలోచననూ పరీక్షిస్తాయి. 'ఛోటా భీమ్' తీసిన గ్రీన్ గోల్డ్, 'ఈగ'కు దృశ్య ప్రభావాలు చేసిన మకుట హైదరాబాద్ సంస్థలే. కానీ అక్కడికి వలస వెళ్లాలంటే ఖర్చు ఉంటుంది, మొదటి జీతాలు పెద్దవి కావు. అందుకని దీవిలో ఉండగానే పది మంచి బొమ్మలు సిద్ధం చేసుకోవడం నయం. ప్రతిదానికీ ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు చూసింది, ఏ నమూనాతో పోల్చుకుందో రాసిపెట్టుకోవాలి. పొరలున్న అసలు ఫైళ్లు పారేయకుండా దాచుకోవాలి. "ఇది నువ్వే గీశావా?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి అవే సాక్ష్యం.