స్పేర్ ట్యూబ్ ఉన్నా సైకిల్ తోసుకుంటూ నడిచాను: పంక్చర్‌లో మనం మర్చిపోయే స్టెప్

ఈరోజు సైకిల్ పంక్చర్ గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఎండాకాలం అనంతగిరి కొండల వైపు ఒక్కడినే రైడ్‌కి వెళ్లాను. తిరిగొస్తుంటే వెనక చక్రంలో గాలి పోయింది. బ్యాగ్‌లో కొత్త ట్యూబ్, పంపు ఉన్నాయి. పది నిమిషాల్లో మార్చేసి బయల్దేరా. రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, మళ్లీ పంక్చర్! ఉన్న ఒక్క ట్యూబ్ అయిపోయింది. చీకటి పడుతోంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. గంటకు పైగా తోసుకుంటూ నడిచాక ఒక పంక్చర్ షాపు కనిపించింది.

ఆ పెద్దాయన ముందు ట్యూబ్ ముట్టుకోలేదు. టైరు లోపల వేళ్లతో తడిమి, తుమ్మ ముల్లు మొన బయటికి తీశాడు. "ముల్లు లోపల్నే పెట్టుకొని ఎన్ని ట్యూబులేస్తే ఏం ఫాయిదా తమ్మీ?" అన్నాడు. ఆఫీసులో అందరికీ రూట్ కాజ్ గురించి క్లాసులు పీకిన నేను, ఇక్కడ బగ్ అలాగే ఉంచి రీస్టార్ట్ కొట్టానన్నమాట!

అందుకే ఇప్పుడు ఇలా చేస్తాను. ట్యూబ్ తీసేముందు, వాల్వు టైరు మీద ఎక్కడికి వచ్చిందో గుర్తు పెట్టుకుంటా. ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుంటే రంధ్రం దొరుకుతుంది. వాల్వు నుంచి అంతే దూరంలో, రెండు వైపులా టైరు వెతకాలి. లోపల గుడ్డతో తుడిస్తే ముల్లు దానికి తగులుకుంటుంది, వేలికి గుచ్చుకోదు.

పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే అది ముల్లు కాదు. గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబ్‌ని నొక్కేసిందని అర్థం. రంధ్రం లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ టేప్ చూడండి.

కొత్త ట్యూబ్‌లో కాస్త గాలి కొట్టి ఎక్కించండి, మడత పడదు. చివర్లో టైరుని బొటనవేళ్లతోనే నెట్టండి. లివర్ వాడితే కొత్త ట్యూబే చిల్లు పడొచ్చు.

స్పేర్ కొనేటప్పుడు టైరు పక్కన రాసిన సైజు చూడండి, నాది 700×28. వాల్వు కూడా అదే రకం ఉండాలి. నాది సన్నటి ప్రెస్టా. బైక్‌లకు ఉండే లావు వాల్వు ఆ రిమ్ము రంధ్రంలో దూరదు. షాపు కంప్రెసర్ కూడా ప్రెస్టాకి పట్టదు, అందుకే చిన్న ఇత్తడి అడాప్టర్ పెట్టుకోండి. ట్యూబ్‌ని పాత సాక్సులో పెడితే పానాలు రాసుకుని చిల్లు పడదు.

ఇప్పుడు నా బ్యాగ్‌లో రెండు ట్యూబులు, ఒక ప్యాచ్ కిట్ ఉంటాయి. ఈ ఆదివారం ఇంట్లోనే ఒకసారి ట్యూబ్ తీసి, మళ్లీ వేసి చూడండి. రోడ్డు మీద చీకట్లో నేర్చుకోవడం కంటే అదే నయం. మళ్లీ కలుద్దాం!