తెగిన బాట విలువ

శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగమున తూర్పుకనుమలకును బంగాళాఖాతమునకును నడుమ నేల సన్నని పట్టీవలె నుండును. 1893–1896 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన తూర్పుతీరపు రైలుమార్గము ఆ పట్టీగుండనే సాగినది. పూర్వము 5వ సంఖ్యతోను నేడు 16వ సంఖ్యతోను వ్యవహరింపబడు జాతీయ రహదారియు దాని దాపుననే పోవుచున్నది. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలుమార్గము వాయవ్యమునకు చీలినది. ఇటీవలి కాలమున నది బ్రాడ్‌గేజిగా మారినది. తూర్పున నున్నది ఉద్దానము: కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల సీమ. దాని దక్షిణపు దిక్కున, నౌపడ ఉప్పుమళ్లకు ఆవల, సముద్రపుటొడ్డున భావనపాడు కలదు. తోటల నడుమనున్న గ్రామములను, తీరపు పల్లెలను పలాస, టెక్కలి పట్టణములతో కలుపునవి చిన్నబాటలు.

వీనిలో ముఖ్యమైన దేది? చూపునకు వెడల్పైన రహదారియే ముఖ్యముగా తోచును. మార్గనిర్మాణశాస్త్రము తెలిసినవా రంతటితో నిర్ణయింపరు. పటముమీద ఒక్కొక్క మార్గమును చెరిపి చూతురు. ఆ బాట లేనిచో ఎవరెవరు ఒంటరులగుదురు? చుట్టుదారి కలదా? కలిగినచో ప్రయాణ మెంత పెరుగును? ఆ దారిన పోవువారి పని యెన్ని గంటలు, ఎన్ని దినములు ఆగగలదు? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమే ఆ మార్గముయొక్క కీలకత. 1736లో ఆయిలరు కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనల చిక్కుప్రశ్నను విప్పుటతో ఆరంభమైన గణితశాఖ యొకటి కలదు. తీసివేసినంతనే చిత్రము రెండు ముక్కలగునట్టి గీతకు ఆ శాస్త్రమున 'వంతెన' యనియే పేరు. సముద్రపుటొడ్డున ముగిసిపోవు బాటలన్నియు నట్టి గీతలే.

కీలకతకును పరిమాణమునకును సంబంధము తక్కువ. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ సమీపమున చెరువుకట్ట తెగి, ఆ నీటివెల్లువ రైలుమార్గములోని యొక చిన్న వంతెనను కోసివేసెను. తెల్లవారుజామున వచ్చిన డెల్టా ప్యాసింజరు పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించిరి. అంతవరకు ఆ వంతెన యెవరి దృష్టిలోను గొప్పది కాదు. దాని క్షేమము ఎగువనున్న చెరువుకట్టపై నాధారపడియుండెను. రైలుమార్గ మొక శాఖవారిది, చెరువు వేరొక శాఖవారిది. నీటి కీ శాఖాభేదములు తెలియవు.

తెగునది తెగకుండ నుండుట యొక గుణము. తెగినపిదప త్వరగా కోలుకొనుట మరియొక గుణము. 2003లో మిషెల్ బ్రూనో మొదలగు భూకంప ఇంజనీర్లు ఈ కోలుకొను శక్తికి నాలుగు లక్షణములు చెప్పిరి. మొదటిది దృఢత్వము; రెండవది ప్రత్యామ్నాయము; మూడవది సమయమునకు సాధనములను సమకూర్చుకొను నేర్పు; నాలుగవది వేగము. మొదటిదానికి ధనము కావలెను. కడపటి రెంటికి ధనముకంటె ముందుచూపు ముఖ్యము.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఈ నాలుగు లక్షణములకును పరీక్ష కలిగెను. గాలివేగము గంటకు 140–150 కిలోమీటర్లు. ఏ చెట్లు ఉద్దానమునకు జీవనాధారమో ఆ చెట్లే బాటల కడ్డముగా కూలెను. విద్యుత్ స్తంభములు నేలకొరిగెను, రైళ్లు నిలిచెను, రహదారిపై రాకపోకలు స్తంభించెను. రైలుమార్గము, రహదారి యని రెండున్నవి గదా, ఒకటి పోయినచో రెండవది యాదుకొనునని తలంచుట సహజము. కాని రెండును ఒకే పట్టీలో, ఒకే గాలిమార్గమున నున్నపుడు లెక్కకు రెండైనను ఆపదకు ఒకటియే. నిజమైన ప్రత్యామ్నాయము వేరొక ఆపదను ఎదుర్కొనునది కావలెను.

మరి యెంతలో కోలుకొనవలెను? ఈ ప్రశ్నకు ఉద్దానము చెప్పు సమాధానము కఠినమైనది. ఇచ్చట దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి వ్యాపించియున్నది. దానికి మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. వ్యాధి ముదిరినవారికి సాధారణముగా వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్ జరుగవలెను. ఆ రోగికి రెండు చికిత్సల నడుమనున్న వ్యవధియే బాటకు పెట్టిన గడువు. జీడిపిక్కల బస్తాలు వారమాగవచ్చును. చేపలు మంచులో నొకదినమాగవచ్చును. విషమెక్కిన రక్త మాగదు. కావున దినమునకు పది బండ్లు మాత్రమే నడచు బాటయైనను, అందొకటి రోగిని గొనిపోవునదైనచో, వేయిబండ్ల రహదారితో సమానముగా నెంచవలసియున్నది. వాహనసంఖ్యనే ప్రమాణముగా గొను పట్టికలలో ఈ బాట యట్టడుగున నుండును. తుపాను మరునాడు తొలుత తెరవవలసిన బాటయు నదియే కావచ్చును.

2023 ఏప్రిల్ 19న భావనపాడు చెంత మూలపేట ఓడరేవునకు శంకుస్థాపన జరిగెను. రేవు కట్టినచోట దానికి రహదారియు రైలుమార్గమును కావలెను. ఉప్పునేలలపై కట్ట లేచినపుడు వాననీరు సముద్రమునకు పోవు దారులను చాలినంతగా విడువనిచో, సరకుల బాట నిలిచి పల్లెల బాట మునుగును. రేవునకు మేలైనది పల్లెకు కీడు కాకుండ చూచుటయు మార్గముల కీలకతను లెక్కించుటలో భాగమే.

2013 ఫైలిన్ అక్టోబరు 12న వచ్చెను. 2014 హుద్‌హుద్ అక్టోబరు 12న. తిత్లీ అక్టోబరు 11న. ఋతువు ముందే చెప్పి వచ్చుచున్నది. దానికి తగిన సన్నాహము పాఠశాలలోనే మొదలిడవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ గ్రామపటమును గీయించి, ఒక్కొక్క బాటను చెరిపించి చూడవలెను. ఏ మదుము పూడియున్నది? ఏ చెట్టు ఏ బాటపై పడును? రంపము, గొడ్డలి ఎవరి యింట నున్నవి? డయాలసిస్‌కు పోవువా రే వీధిలో నున్నారు? ఈ ప్రశ్నలకు పెద్ద యంత్రములు అక్కరలేదు. సమాధానములను సెప్టెంబరులోనే పంచాయతీ గోడపై వ్రాసియుంచిన గ్రామము, గాలి తగ్గిన తొలిగంటలోనే ఏ బాటవైపు నడువవలెనో యెరిగియుండును.