బొట్టుబొట్టుగా కారు తొట్టి

గాజుతొట్టిలో రంగురంగుల చేపలు ఈదుచుండగా చూచుట కన్నులకు పండుగ. పెద్ద తొట్లకు నీటిని వడకట్టు పాత్ర నొకదానిని క్రింద నమర్చి, పి.వి.సి. గొట్టములతో రెంటిని కలుపుదురు. ఈ గొట్టములు కలియు చోట్లను అతుకు లందురు. తొట్టి క్షేమము ఈ అతుకులపై ఆధారపడి యుండును.

ఒక అతుకునుండి సెకనుకొక బొట్టు చొప్పున నీరు కారుచున్న దనుకొందము. అది లెక్కకు రానిదిగా తోచును. కాని దినమునకు 86,400 సెకనులు కలవు. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరగును. కావున దినమునకు 4 లీటర్లకు పైగా నీరు నష్టమగును. క్రింది పాత్ర వట్టిపోయినచో పంపు చెడును. చేపలకు శుద్ధమైన నీ రందదు. కారిన నీరు విద్యుత్తీగల చేరినచో మన ప్రాణములకే ముప్పు. అందుచేత తొట్టిని ముట్టుటకు ముందు విద్యుత్తును ఆపివేయవలెను. ఈ పనిని బాలురు పెద్దల సమక్షమున మాత్రమే చేయవలెను.

నీరు తగ్గినంతమాత్రమున అతుకు కారుచున్నదని తలపరాదు; కొంత నీరు ఆవిరియై పోవుచునే యుండును. నిజము తెలియుటకు అతుకుల నన్నింటిని పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్కదానికి పొడి కాగితము చుట్టవలెను. పిమ్మట పంపును నడిపించి, ముట్టుకొనక, ఏ కాగితము తడియునో పరిశీలింపవలెను. నీరు గొట్టము వెంబడి క్రిందికి జారును గనుక, తడిసిన వానిలో అన్నిటికంటె పైనున్న అతుకే దోషి. అతుకుచుట్టు తెల్లని ఉప్పుపొర కట్టియున్నను, నీరు అచ్చట ఊరి ఆరిపోవుచున్నదని గ్రహింపవలెను.

అతుకును విప్పుటకు ముందు చేపలను వాని తొట్టినీటితోనే వేరొక పాత్రలోనికి మార్చి, గాలిబుడగలు అందునట్లు చూడవలెను. వడపోత పదార్థములను గూడ ఆ నీటిలోనే యుంచవలెను. చేపల మలినమునుండి పుట్టు విషమును హరించు సూక్ష్మజీవులు వానిపై నివసించును; ఆరిపోయినచో అవి నశించును.

అతుకులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది మరల అతుకు. మరల నడుమ మిగిలిన సన్నని దారివెంట నీరు వెలువడును. పాత టేపును తీసి, శుభ్రపరచి, మర బిగియు దిశలోనే టెఫ్లాన్ టేపును రెండు మూడు చుట్లు చుట్టవలెను. ఈ టెఫ్లానును 1938లో రాయ్ ప్లంకెట్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక పదార్థముకొరకు ప్రయత్నించుచు అనుకోకుండ కనుగొనెను. రెండవది తొట్టి రంధ్రమున బిగించు ట్యాంకు నిపుల్. ఇచ్చట నీటిని ఆపునది మర కాదు, రబ్బరు వాషరు. కావున మరకు టేపు చుట్టుట వలన ఫలము లేదు. వాషరును శుభ్రపరచవలెను, గట్టిపడినచో మార్చవలెను. ఈ రెంటిని మితముగా బిగింపవలెను. అతిగా బిగించినచో ప్లాస్టిక్ చిట్లును, గాజు పగులును.

మూడవది ప్లంబర్లు సొల్యూషన్ అని పిలుచు జిగురుతో అతికినది. ఆ జిగురు రెండు ప్లాస్టిక్ తలములను కొంత కరిగించి ఏకము చేయును. కారుచున్న అతుకుపై దానిని పైపైన పూసినచో నిలువదు. ఆ భాగమును కోసివేసి, క్రొత్త ముక్కలను పొడిగా నుంచి అతికి, డబ్బాపై వ్రాసినంత కాలము ఆరనీయవలెను.

పిదప నీరు నింపి, ఒక దినము కాగితముతో మరల పరీక్షించి, క్లోరిను పోగొట్టిన పిమ్మటనే చేపలను విడువవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. చిన్న బొట్టును నేడు గమనించినవాడు రేపటి పెద్ద నష్టమును తప్పించుకొనును.