చీమ అనే పేరున్న క్రీడాకారిణి

పిల్లలూ, మీలో చాలామంది స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతూ ఉంటారు. అమెరికాలో ఉన్న పిల్లలు దాన్నే 'సాకర్' అంటారు. పేరేదైనా ఆట ఒకటే. ఆ ఆటని తన దేశం కోసం పాతికేళ్ళకు పైగా ఆడిన ఒక క్రీడాకారిణి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆమె అసలు పేరు మిరాయిల్డెస్ మసియెల్ మోటా. పలకడం కష్టంగా ఉందా? పర్వాలేదు, ప్రపంచమంతా ఆమెని 'ఫోర్మిగా' అనే పిలుస్తుంది. ఆమె దేశం బ్రెజిల్. అక్కడివాళ్ళు మాట్లాడేది పోర్చుగీసు భాష. ఆ భాషలో ఫోర్మిగా అంటే చీమ!

ఇదేం పేరు అనుకుంటున్నారా? ఆమె చిన్న వయసులో ఆడుతుంటే చూసిన ఒక అభిమాని ఈ పేరు పెట్టాడట. ఇంట్లో ఎప్పుడైనా పంచదార ఒలికితే గమనించండి. ముందు ఒక చీమ వస్తుంది. కాసేపటికి బారులు తీరి వస్తాయి. దొరికింది దొరికినట్టు అన్నీ కలిసి పుట్టకి మోసుకుపోతాయి. ఏ చీమా 'ఇది నాది' అనదు. ఈ అమ్మాయి కూడా అలాగే జట్టు కోసం పరుగెడుతోందని ఆ అభిమానికి అనిపించింది.

మధ్యలో ఆడేవాళ్ళ పని ఏమిటి?

ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఉంటారు. గోల్‌కీపర్ గోల్ ముందు నిలబడుతుంది. డిఫెండర్లు వెనక ఉండి కాపలా కాస్తారు. ఫార్వర్డ్‌లు ముందుకెళ్ళి గోల్ కొడతారు. వీళ్ళందరికీ మధ్యలో ఉండేవాళ్ళు మిడ్‌ఫీల్డర్లు. ఫోర్మిగా మిడ్‌ఫీల్డర్.

మిడ్‌ఫీల్డర్ పని అర్థం కావాలంటే మన పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. తెలుగులో 'బంతి' అనే మాటకి ఒకటికంటే ఎక్కువ అర్థాలున్నాయి. ఆడుకునేది బంతి. పసుపురంగులో పూసే పువ్వు బంతి. భోజనానికి వరసగా కూర్చున్నవాళ్ళని కూడా బంతి అంటారు. 'మేం మొదటి బంతిలోనే తినేశాం' అని అమ్మమ్మ అంటే కంగారుపడకండి, ఆవిడ తిన్నది బాల్ కాదు!

ఆ బంతిలో ఏం జరుగుతుంది? వంటవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. తినేవాళ్ళు విస్తళ్ళ ముందు ఉంటారు. ఈ రెండిటికీ మధ్య బకెట్టూ గరిటే పట్టుకుని వడ్డించేవాళ్ళు తిరుగుతూనే ఉంటారు. ఎవరి విస్తట్లో అన్నం అయిపోయింది, ఎవరికి చారు రాలేదు అన్నది వాళ్ళ కంటికే కనపడాలి. భోజనం అయ్యాక అందరూ 'గుత్తివంకాయ అదిరింది' అంటారు. 'వడ్డన బాగుంది' అనేవాళ్ళు తక్కువ. కానీ వడ్డించేవాళ్ళు ఐదు నిమిషాలు ఆగితే బంతి మొత్తం ఆగిపోతుంది.

మిడ్‌ఫీల్డర్ కూడా అంతే. అవతలి జట్టు బంతి తీసుకుని వస్తుంటే దారిలోనే అడ్డుపడాలి. బంతి లాక్కోవాలి. తల ఎత్తి చూసి, మన జట్టులో ఎవరి ముందు ఖాళీ ఉందో వాళ్ళకి అందించాలి. మళ్ళీ వెనక్కి పరుగెత్తాలి. ఒక మ్యాచ్ 90 నిమిషాలు. అంతసేపూ ఇదే పని. స్కోరుబోర్డు మీద పేరు పడేది మాత్రం గోల్ కొట్టినవాళ్ళదే. ఫోర్మిగా జట్టులో మార్తా, క్రిస్టియానె అనే గొప్ప ఫార్వర్డ్‌లు ఉండేవారు. వాళ్ళు ధైర్యంగా ముందుకెళ్ళగలిగారంటే వెనక ఫోర్మిగా ఉందన్న నమ్మకం కూడా ఒక కారణం.

'ఆడవాళ్ళు ఆడకూడదు'

ఈ వాక్యం ఒకసారి పైకి చదవండి. 'ఆడ', 'ఆడు' అనే మాటలు పక్కపక్కనే ఎంత బాగా కుదిరాయో! కానీ వాక్యం అర్థం మాత్రం బాగాలేదు. బ్రెజిల్‌లో ఇది నిజంగానే చట్టం.

1941లో జెతులియో వర్గాస్ ఆ దేశాన్ని పాలిస్తున్నాడు. ఆడవాళ్ళ స్వభావానికి సరిపడని ఆటలు వాళ్ళు ఆడకూడదని అప్పటి ప్రభుత్వం చట్టం చేసింది. 1965లో వచ్చిన ఇంకో ఉత్తర్వులో ఫుట్‌బాల్ పేరు స్పష్టంగానే రాశారు. ఆ నిషేధం 1979 దాకా పోలేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే దేశంలో సగంమందికి ఆ ఆట దాదాపు 40 ఏళ్ళు నిషిద్ధం అన్నమాట!

బ్రెజిల్ ఒక్కటే ఇలా చేసిందనుకోకండి. ఇంగ్లండ్‌లో 1921 నుంచి దాదాపు 50 ఏళ్ళు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళని ఆడనివ్వలేదు. మీలో ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు ఈ విషయం మీ టీచరుగారిని అడిగి చూడండి.

ఫోర్మిగా 1978 మార్చి 3న సాల్వడోర్ అనే ఊళ్ళో పుట్టింది. అంటే ఆమె పుట్టేనాటికి ఆ నిషేధం ఇంకా అమల్లోనే ఉంది. మరుసటి ఏడు రద్దయింది. కానీ చట్టం పోయినంత తేలిగ్గా మనుషుల అలవాటు పోదు కదా. ఆమె వీధిలో మగపిల్లలతో ఆడుతుంటే సొంత అన్నలకే నచ్చేది కాదు, కొట్టేవారు కూడా అని ఆమే తర్వాత చెప్పింది. అమ్మ మాత్రం ఆమె పక్షాన నిలబడింది.

జాతీయ జట్టులోకి వచ్చాక కూడా అన్నీ అమరలేదు. ఆ రోజుల్లో మహిళల జట్టుకి విడిగా జెర్సీలు కుట్టించేవారు కాదు. మగవాళ్ళ జట్టు వాడగా మిగిలినవి ఇచ్చేవారు. వదులుగా వేలాడే ఆ చొక్కాలతోనే వాళ్ళు దేశం కోసం ఆడారు.

ఏడు ప్రపంచ కప్‌లు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నాలుగేళ్ళకి ఒకసారి వస్తుంది. ఒక్కసారి ఆడినా జీవితాంతం చెప్పుకుంటారు. ఫోర్మిగా ఎన్నిసార్లు ఆడిందో వేళ్ళమీద లెక్కపెట్టండి:

1995, స్వీడన్: వయసు 17
1999, అమెరికా: వయసు 21
2003, అమెరికా: వయసు 25
2007, చైనా: వయసు 29
2011, జర్మనీ: వయసు 33
2015, కెనడా: వయసు 37
2019, ఫ్రాన్స్: వయసు 41

మొత్తం ఏడు. ఏడు ప్రపంచ కప్‌లలో ఆడిన మొదటి మనిషి ఆమే. అంతకుముందు మగవాళ్ళలో కూడా ఎవరూ ఆడలేదు. ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్ 1996లో అట్లాంటాలో మొదలైంది. అప్పటినుంచి టోక్యో దాకా వరసగా ఏడు ఒలింపిక్స్‌లో కూడా ఆమె ఆడింది.

2015లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టినప్పుడు ఆమెకి 37 ఏళ్ళు. మహిళల ప్రపంచ కప్‌లో అంత పెద్ద వయసులో అంతకుముందు ఎవరూ గోల్ కొట్టలేదు. 2019లో ఆమెతో కలిసి ఆడినవాళ్ళలో, ఎదురు ఆడినవాళ్ళలో కొందరు 1995 నాటికి ఇంకా పుట్టనే లేదు!

దగ్గరిదాకా వచ్చి

ఇంత ఆడింది కదా, మరి కప్పు గెలిచిందా? లేదు.

1999లో బ్రెజిల్‌కి మూడో స్థానం వచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా చేతిలో 2-1 తేడాతో ఓడింది. 2007 ప్రపంచ కప్ సెమీఫైనల్లో అదే అమెరికాని 4-0తో చిత్తు చేసింది, కానీ ఫైనల్లో జర్మనీ గెలిచింది. 2008 బీజింగ్ ఫైనల్లో మళ్ళీ అమెరికా 1-0తో గెలిచింది. ఆ రెండు ఒలింపిక్ ఫైనల్స్‌లోనూ 90 నిమిషాల ఆట సరిపోలేదు, అదనపు సమయం ఆడాల్సి వచ్చింది. అంత దగ్గరగా వచ్చి ఓడిపోయారన్నమాట. ఫోర్మిగాకి రెండు ఒలింపిక్ వెండి పతకాలు ఉన్నాయి, బంగారం లేదు.

2016లో సొంత దేశంలో, రియోలో జరిగిన ఒలింపిక్స్‌లో కూడా నాలుగో స్థానమే దక్కింది. ఇక చాలనుకుని ఆమె జాతీయ జట్టుకి వీడ్కోలు చెప్పింది. కానీ ఆమె చోట నిలబడగలిగేవాళ్ళు వెంటనే దొరకలేదు. కోచ్ తిరిగి రమ్మని అడిగితే 2018లో, 40 ఏళ్ళ వయసులో, మళ్ళీ వచ్చింది.

2019లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక మార్తా కళ్ళనీళ్ళతో కెమెరా ముందు నిలబడి బ్రెజిల్ అమ్మాయిలతో మాట్లాడింది. ఫోర్మిగా, మార్తా, క్రిస్టియానె ఎప్పటికీ ఉండరు, ఇక మీరే ఈ ఆటని నిలబెట్టాలి అన్నది ఆమె మాటల సారాంశం.

వేరే దేశంలో ఉద్యోగం

ఆటే ఆమె ఉద్యోగం. కానీ ఆడవాళ్ళకి ఫుట్‌బాల్‌లో సరైన జీతం, నిలకడైన క్లబ్బు బ్రెజిల్‌లో దొరకడం కష్టంగా ఉండేది. అందుకే ఆమె స్వీడన్‌లో, అమెరికాలో, ఫ్రాన్స్‌లో ఆడింది. మీ అమ్మానాన్నలు పని కోసం దేశం దాటి వచ్చారు కదా, ఆమె కూడా అలాగే వెళ్ళింది. కొత్త భాష, కొత్త తిండి, కొత్త చలి అన్నీ అలవాటు చేసుకోవాల్సిందే.

2017లో పారిస్ సెయింట్ జర్మేన్ క్లబ్బు ఆమెని తీసుకుంది. అప్పటికి ఆమెకి 40 దగ్గర పడుతున్నాయి. ఫ్రాన్స్ లీగ్‌లో లియోన్ జట్టు వరసగా 14 సార్లు గెలిచి ఉంది. 2021లో పారిస్ జట్టు ఆ వరసకి అడ్డుకట్ట వేసి మొదటిసారి లీగ్ గెలిచింది. ఆ జట్టులో 43 ఏళ్ళ ఫోర్మిగా కూడా ఉంది.

ఆఖరి ఆట మన దేశం మీదే

2021 నవంబర్ 25న బ్రెజిల్‌లోని మనౌస్ నగరంలో ఫోర్మిగా తన దేశం తరఫున చివరి మ్యాచ్ ఆడింది. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసా? భారత జట్టు! బ్రెజిల్ 6-1తో గెలిచింది. మన ఒక్క గోల్ కొట్టింది పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్. బ్రెజిల్ లాంటి జట్టు మీద కొట్టిన ఆ గోల్ ఆమెకి పెద్ద పేరు తెచ్చింది.

ఇప్పుడు చెప్పండి, కప్పు రాలేదు కాబట్టి ఫోర్మిగా ఓడిపోయినట్టేనా? ఆమె పుట్టినప్పుడు ఆడపిల్ల బంతి తన్నడమే నేరం. ఆమె ఆడుతుండగానే, 2020లో, జాతీయ జట్లకి ఆడే మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ భత్యం, బహుమతి సొమ్ము సమానంగా ఇస్తామని బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటించింది. 2027 మహిళల ప్రపంచ కప్ ఆతిథ్యం బ్రెజిల్‌కే దక్కింది. మ్యాచ్‌లకి ఎంపికైన ఎనిమిది నగరాల్లో సాల్వడోర్ ఒకటి. చిన్న ఫోర్మిగా తన్నులు తిని కూడా ఆట మానని ఊరు అదే. ఇదంతా ఆమె ఒక్కతే సాధించిందని అనలేం. చీమ ఒక్కటే పుట్ట కట్టదు కదా! కానీ అన్నేళ్ళు బారు తప్పకుండా నడిచిన చీమ ఆమె.

కొత్త మాటలు

నిషేధం: చేయకూడదని ఆపడం
రద్దు: ఉన్న నియమాన్ని తీసేయడం
వడ్డన: భోజనం విస్తట్లో పెట్టడం
బారు: పొడుగాటి వరస
భత్యం: ఖర్చుల కోసం ఇచ్చే డబ్బు
ఆతిథ్యం: వచ్చినవాళ్ళకి మన దగ్గర చోటిచ్చి చూసుకోవడం

మీరే చేయండి

1. 'ఆడు' నుంచి వచ్చిన మాటలు పాఠంలో వెతికి రాయండి. ఉదాహరణ: ఆడింది, ఆడకూడదు.

2. 'బంతి'కి ఉన్న మూడు అర్థాలతో మూడు సొంత వాక్యాలు రాయండి.

3. మీ ఇంట్లో, స్కూల్లో అందరికీ అవసరమైనా ఎవరూ మెచ్చుకోని పని ఒకటి చెప్పండి. ఆ పని ఎవరు చేస్తున్నారు? వాళ్ళ గురించి ఐదు వాక్యాలు రాయండి.

4. అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడగండి: 'చిన్నప్పుడు మీరు ఏ ఆట ఆడేవారు? ఆడొద్దని ఎవరైనా అన్నారా? అప్పుడు మీరేం చేశారు?' వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి, వచ్చే క్లాసులో చదివి వినిపించండి.