ఒక ఇంట్లో తప్పు కేబుల్, ఊరంతా నెట్ బంద్: బ్రిడ్జ్ నెట్‌వర్క్‌ని రూటెడ్‌గా మార్చిన కథ

మనం రౌటర్ కొనేటప్పుడు ఎన్ని యాంటెన్నాలు, వైఫై 6 ఉందా, రేంజ్ ఎంత అని చూస్తాం. కానీ నెట్ ఆగిపోయినప్పుడు అసలు కారణం చాలాసార్లు మన ఇంట్లో ఉండదు, మన ప్రొవైడర్ నెట్‌వర్క్ డిజైన్‌లో ఉంటుంది. ఆ డిజైన్ గురించి ఈరోజు సింపుల్‌గా మాట్లాడుకుందాం.

మా బాబాయ్ మా మండలంలో చిన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ నడుపుతారు. ఆరు టవర్లు, దాదాపు 280 కనెక్షన్లు. మెయిన్ టవర్‌కి ఫైబర్ వస్తుంది, అక్కడి నుంచి 5 గిగాహెర్ట్జ్ రేడియోలతో మిగతా టవర్లకి, అక్కడి నుంచి ఇళ్ల మీద పెట్టిన చిన్న రేడియోలకి వెళ్తుంది. మొత్తం బ్రిడ్జ్ నెట్‌వర్కే. మొదట్లో 30 కనెక్షన్లు ఉన్నప్పుడు సూపర్‌గా నడిచింది.

ఒకరోజు సాయంత్రం కరెంట్ పోయి వచ్చింది. తర్వాత సగం ఊళ్లకి నెట్ లేదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులు. పిల్లల తల్లిదండ్రులు ఆఫీసుకే వచ్చేశారు. బాబాయ్ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, టవర్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, సిగ్నల్ ఫుల్ ఉంది, నెట్ మాత్రం రావట్లేదు. ఇలాగే ఉంటే అమ్మేయడమే" అన్నారు. నాలుగు గంటలు వెతికాక కారణం దొరికింది. ఒక ఇంట్లో పాత రౌటర్ పెట్టి, మా కేబుల్‌ని వ్యాన్ పోర్ట్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో గుచ్చారు. అంతే!

ఒక్క కేబుల్‌కి అంత పవర్ ఎలా వచ్చింది?

బ్రిడ్జ్ అంటే టవర్లు, రేడియోలు అన్నీ కలిసి ఒకే పెద్ద స్విచ్‌లా పనిచేయడం. ఏ ఇంట్లో ఎవరు బ్రాడ్‌కాస్ట్ చేసినా 280 ఇళ్లకీ వినపడుతుంది. గోడలు లేని పెద్ద హాల్ అనుకోండి.

కరెంట్ రాగానే అందరి రౌటర్లూ ఒకేసారి "నాకు ఐపీ అడ్రస్ ఇవ్వండి" అని అరిచాయి. దానికి మెయిన్ టవర్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్ జవాబివ్వాలి. కానీ ల్యాన్ పోర్ట్‌లో కేబుల్ ఉండటంతో ఆ పాత రౌటర్ కూడా జవాబిచ్చింది. సాధారణంగా డివైస్‌లు ముందు వచ్చిన జవాబునే తీసుకుంటాయి. దగ్గరున్న పాత రౌటర్ గెలిచింది, ఇంటర్నెట్‌కి దారి లేని అడ్రస్‌లు పంచేసింది.

బ్రిడ్జ్‌లో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, వైఫై టెక్నాలజీలో టవర్ రేడియో బ్రాడ్‌కాస్ట్‌ని సాధారణంగా తక్కువ స్పీడ్‌లోనే పంపుతుంది, ఎందుకంటే సిగ్నల్ వీక్‌గా ఉన్నవాళ్లకి కూడా అది అందాలి. ఇళ్లు పెరిగేకొద్దీ పనికిరాని అరుపులే గాలిలో టైమ్ తినేస్తాయి.

రెండు, లూప్. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే నంబర్ ఉంటుంది, ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ని పడేస్తుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌లో అలాంటిదేమీ లేదు. లూప్ పడితే బ్రాడ్‌కాస్ట్ తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఆపడానికే రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీని డిజైన్ చేశారు. అది లూప్ పడే లింక్‌ని బ్లాక్ చేస్తుంది. అంటే మీరు డబ్బులు పెట్టి వేసిన బ్యాకప్ లింక్ మామూలు రోజుల్లో ఖాళీగా కూర్చుంటుంది.

రూటెడ్ అంటే హాల్‌లో గోడలు కట్టడం

ప్రతి టవర్‌లో ఒక రౌటర్ పెడతాం. ఆ టవర్ కస్టమర్లకి వేరే ఐపీ రేంజ్ ఇస్తాం. మా దగ్గర ముందు అందరికీ కలిపి ఒకే /22 ఉండేది. ఇప్పుడు టవర్‌కి ఒక /25, అంటే 126 అడ్రస్‌లు. టవర్‌కీ టవర్‌కీ మధ్య లింక్‌కి చిన్న /30. బ్రాడ్‌కాస్ట్ ఆ టవర్ దాటి బయటికి పోదు.

ఏ టవర్‌కి ఏ దారిలో వెళ్లాలో రౌటర్లు ఓఎస్‌పీఎఫ్‌తో వాటంతటవే తెలుసుకుంటాయి. ప్రతి లింక్‌కి ఒక కాస్ట్ ఇస్తాం, తక్కువ కాస్ట్ ఉన్న దారిలో డేటా వెళ్తుంది. ఒక లింక్ పక్క రౌటర్ నుంచి హలోలు రావడం ఆగితే, డీఫాల్ట్‌గా 40 సెకన్ల తర్వాత వేరే దారి పడుతుంది. ఆ టైమ్ తగ్గించుకోవచ్చు కూడా. టవర్ల మధ్య ఉన్న రేడియోలు బ్రిడ్జ్‌లోనే ఉండొచ్చు, అవి వైరు పని చేస్తే చాలు. రూటింగ్ అంతా టవర్ రౌటర్ చూసుకుంటుంది.

కస్టమర్లకి తెలియకుండా ఎలా మార్చాం?

ఒకే రాత్రిలో మొత్తం మార్చేద్దామన్నారు బాబాయ్. అస్సలు వద్దన్నాను. మేము చేసిన ఆర్డర్ ఇది:

1. ముందు పేపర్ మీద మ్యాప్. ఏ టవర్‌కి ఏ రేంజ్, ఏ రేడియోకి ఏ మేనేజ్‌మెంట్ ఐపీ, అన్నీ రాసుకున్నాం.

2. ముందు రోజే డీహెచ్‌సీపీ లీజ్ టైమ్‌ని ఒక రోజు నుంచి 10 నిమిషాలకి తగ్గించాం. లేకపోతే మార్చాక కూడా కస్టమర్ రౌటర్లు పాత అడ్రస్‌నే గంటల తరబడి పట్టుకుని కూర్చుంటాయి.

3. చివరి టవర్‌తో మొదలుపెట్టాం. దాని వెనక ఇంకో టవర్ లేదు కాబట్టి తప్పు జరిగినా నష్టం అక్కడికే. మధ్య టవర్లు ఇంకా బ్రిడ్జ్‌లో ఉన్నా పర్వాలేదు, ఆ రౌటర్‌కి అవి పొడవాటి వైరులా కనిపిస్తాయి. వారానికి ఒక టవర్ చొప్పున, రాత్రి రెండు గంటలకి, మెయిన్ టవర్ వైపు వచ్చాం.

4. మైక్రోటిక్ రౌటర్లలో సేఫ్ మోడ్ ఉంటుంది. మీరు చేసిన మార్పు వల్ల మీ కనెక్షనే తెగిపోతే, ఆ మార్పులు వెనక్కి పోతాయి. దూరం నుంచి పనిచేసేటప్పుడు ఇది ఆన్ చేయకుండా ఏదీ ముట్టుకోవద్దు.

ఇంత చేసినా రెండో టవర్‌లో ఒక రేడియో ఐపీ మార్చడం మర్చిపోయాం. పాత రేంజ్‌లోనే ఉండిపోయింది, ఓపెన్ అవ్వట్లేదు. బాబాయ్ టవర్ ఎక్కడానికి బెల్ట్ తీసేశారు. కానీ రేడియో, టవర్ రౌటర్ ఒకే కేబుల్ మీద ఉన్నాయి కదా! ఆ రౌటర్‌కి పాత రేంజ్ అడ్రస్ ఇంకొకటి తాత్కాలికంగా ఇచ్చి, అక్కడి నుంచే రేడియోలోకి వెళ్లి ఐపీ మార్చేశాను. ఈ ట్రిక్ గుర్తుపెట్టుకోండి.

మైనస్‌లు లేవా?

ఉన్నాయి. ప్రతి టవర్‌కి రౌటర్ ఖర్చు. ఒక టవర్‌లో మిగిలిన ఐపీలు ఇంకో టవర్‌కి పనికిరావు. పీపీపీఓఈ లాగిన్ సెంట్రల్‌లో నడిపేవాళ్లకి పని ఎక్కువ, ఎందుకంటే పీపీపీఓఈ రౌటర్‌ని దాటి పోదు. టవర్‌కి ఒక పీపీపీఓఈ సర్వర్ పెట్టి, అకౌంట్లు మాత్రం సెంట్రల్ రేడియస్ సర్వర్‌లో ఉంచుకోవాలి.

ఇళ్ల మీది రేడియోలని కూడా మేము రౌటర్ మోడ్‌లోకి మార్చాం. దీనివల్ల ఇంట్లో ఇంకో రౌటర్ ఉంటే డబుల్ న్యాట్ అవుతుంది. గేమింగ్‌లో స్ట్రిక్ట్ న్యాట్ అని వస్తే మీ ఇంటి రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి చూడండి. ఒక లేయర్ తగ్గుతుంది.

మరి ఫలితం?

పని పూర్తయిన రెండు నెలలకి ఇంకో ఇంట్లో అదే తప్పు జరిగింది, ల్యాన్ పోర్ట్‌లో కేబుల్. ఈసారి ఆఫీసుకి వచ్చిన ఫోన్ ఒక్కటే, ఆ ఇంటి నుంచే. పక్కింటి వాళ్లకి కూడా తెలియలేదు. బాబాయ్ వెళ్లి కేబుల్ మార్చి, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చారు. అమ్మేయడం గురించి మళ్లీ మాట్లాడలేదు.

తప్పులు ఎప్పుడూ జరుగుతాయి ఫ్రెండ్స్, వాటిని పూర్తిగా ఆపలేం. ఒక ఇంటి తప్పు ఆ ఇంటి దగ్గరే ఆగేలా కట్టుకోవడమే మన చేతిలో ఉన్నది. మీ ఏరియాలో కూడా కరెంట్ వచ్చిన ప్రతిసారీ వీధి మొత్తానికి నెట్ పోతుంటే, మీ ప్రొవైడర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, మన నెట్‌వర్క్ బ్రిడ్జా, రూటెడా?"