ఎలుక బొమ్మ డెస్క్‌టాప్: ఏ మీట ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది?

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత పాత ల్యాప్‌టాప్‌ను పారేయడం ఇష్టంలేక లినక్స్ వైపు వచ్చినవారిలో చాలామందికి మొదట తగిలేది ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్. జుబుంటులో ఉండేది అదే, లినక్స్ మింట్ తేలిక ఎడిషన్‌లో ఉండేదీ అదే. గుర్తు ఎలుక బొమ్మ. 1996లో ఒలివియే ఫోర్డాన్ మొదలుపెట్టారు. 2011లో జీనోమ్ 3 అనే మరో డెస్క్‌టాప్ నచ్చక లినస్ టోర్వాల్డ్స్ కూడా కొంతకాలం ఈ పంచనే చేరారు. తేలికగా ఉంటుంది, చెప్పినమాట వింటుంది. కానీ ఏ మాట ఎవరికి చెప్పాలో ముందు తెలియాలి.

నల్ల థీమ్ పెడితే విండో లోపలే నల్లబడింది, పై పట్టీ తెల్లగానే ఉంది. ఎందుకు?

ఆ రెండింటినీ గీసే ప్రోగ్రాములు వేరు కనుక. విండో లోపలి బటన్లు, జాబితాలు, మెనూలు జీటీకే అనే లైబ్రరీ గీస్తుంది. చుట్టూ ఉన్న చట్రాన్నీ పై పట్టీనీ ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్ గీస్తుంది. తెర అంచున ఉండే ప్యానెల్ ఇంకో ప్రోగ్రాం, వాల్‌పేపర్‌నీ దానిమీది ఐకాన్లనీ చూసేది మరొకటి. ఇల్లు ఒకటే, కుంపట్లు వేరు. అందుకే లోపలి రంగుకు సెట్టింగ్స్ మేనేజర్‌లో 'అపియరెన్స్' తెరవాలి, పట్టీ రంగుకు 'విండో మేనేజర్' తెరవాలి. కొత్త వెర్షన్లలో అపియరెన్స్‌లోనే ఒక గడి పెట్టారు. దానికి టిక్ పెడితే, సరిపోయే చట్రం థీమ్ ఉన్నప్పుడు అదీ తనంతట మారిపోతుంది.

ఈ విడివిడి కాపురం చిరాకు తెప్పించే మాట నిజమే. దానివల్ల లాభమూ ఉంది. ప్యానెల్ కూలిపోయినా మీరు రాస్తున్న ఉత్తరానికి ఏమీ కాదు, ప్యానెల్ ఒక్కటే మళ్లీ లేస్తుంది. ఒక భాగం నచ్చకపోతే దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

అన్నీ సరిచేసినా కొన్ని జీనోమ్ అప్లికేషన్ల పై పట్టీ మాత్రం లొంగదు. అవి తమ పట్టీని తామే గీసుకుంటాయి, విండో మేనేజర్‌కు అక్కడ పని ఉండదు. వాటితో పోట్లాడి ప్రయోజనం లేదు.

విండో అంచు మౌస్‌కు చిక్కదు. అంచు మందం పెంచే మీట ఎక్కడ?

అలాంటి మీట లేదు. ఏళ్ల తరబడి అందరూ అడుగుతున్నదే ఇది. అంచు మందం ఒక అంకె అయివుంటే దానికో స్లైడర్ పెట్టేవారు. కానీ ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం థీమ్ అంటే చిన్న చిన్న బొమ్మల మూట: మూలలకు ఒక బొమ్మ, ఎడమ అంచుకు ఒకటి, మూసే బటన్‌కు ఒకటి. ఎడమ అంచు బొమ్మ ఒక పిక్సెల్ వెడల్పుంటే పట్టుకోవడానికి దొరికేదీ ఆ ఒక్క పిక్సెలే. చూపుకు నాజూకుగా ఉండాలని థీమ్ చేసినవారు అంచును సన్నగా చెక్కారు, పట్టుకోవలసిన వేళ్ల సంగతి ఆలోచించలేదు.

దారులు రెండున్నాయి. మొదటిది అసలు అంచు జోలికే వెళ్లకపోవడం. ఆల్ట్ మీట నొక్కిపట్టి, విండో లోపల ఎక్కడైనా సరే, మౌస్ కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుంది. ఎడమ బటన్‌తో లాగితే విండో జరుగుతుంది. ఇది అలవాటైతే అంచు సంగతే గుర్తుకు రాదు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కొన్నిటికి ఆల్ట్‌తో వేరే పని ఉంటుంది. అప్పుడు 'విండో మేనేజర్ ట్వీక్స్'లో యాక్సెసబిలిటీ పేజీకి వెళ్లి ఆల్ట్ బదులు సూపర్ మీట ఎంచుకోండి, అంటే విండోస్ గుర్తున్న మీట. రెండో దారి, పేరు చివర 'హెచ్‌డీపీఐ' అని ఉన్న చట్రం థీమ్ పెట్టుకోవడం. పట్టీ బటన్లు పెద్దవవుతాయి, అంచూ లావవుతుంది. నా ఓటు మొదటిదానికే.

తెలుగు అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫాంట్ మార్చినా మారవేం?

అపియరెన్స్‌లో మీరు ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేకపోతే, ఫాంట్‌కాన్ఫిగ్ అనే వ్యవస్థ తెలుగున్న మరో ఫాంట్‌ను వెతికి తెచ్చి ఆ అక్షరాలకు వాడుతుంది. మీరు ఇంగ్లిష్ ఫాంట్లు ఎన్ని మార్చినా తెలుగు రూపం అలాగే ఉండడానికి కారణం ఇదే. ముందు లోహిత్ తెలుగో నోటో సాన్స్ తెలుగో సిస్టంలో ఉందో లేదో చూసుకోండి.

సైజు సంగతికొస్తే, ఫాంట్ అంకెను పెంచడం కన్నా అదే పేజీలో ఉన్న 'కస్టమ్ డీపీఐ' మేలు. మామూలుగా అది 96. దాన్ని 110కో 120కో పెంచితే, ఫాంట్ సైజు తామే నిర్ణయించుకునే చాలా అప్లికేషన్లలో కూడా అక్షరాలు పెరుగుతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే సైజులో మన వత్తులు నలిగిపోతాయి. 'స్త్రీ' అన్న మాట చిన్న సైజులో చదివి చూస్తే తెలుస్తుంది. పొడవాటి వ్యాసం చదివేటప్పుడు ఆల్ట్ నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం దగ్గరికొస్తుంది, కాకపోతే దానికి కంపోజిటర్ (దాని సంగతి కింద ఉంది) నడుస్తూ ఉండాలి.

తెలుగు టైపింగ్‌కు 'కీబోర్డ్' సెట్టింగ్‌లో లేఅవుట్ పేజీ తెరిచి, 'సిస్టం డిఫాల్ట్స్' టిక్ తీసేసి, భారతీయ జాబితాలోంచి తెలుగును చేర్చండి. వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్. ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' కొట్టే అలవాటున్నవారికి ఐబస్ అనే టైపింగ్ సాధనం కావాలి. అది వచ్చాక ఇక్కడ చేసిన లేఅవుట్ మార్పులు పనిచేయకపోతే కంగారుపడకండి. ఐబస్ తన లేఅవుట్‌ను రుద్దుతోందన్నమాట. దాని ప్రిఫరెన్సెస్‌లో 'సిస్టం కీబోర్డ్ లేఅవుట్ వాడు' అన్నచోట టిక్ పెట్టాలి.

కంపోజిటర్ ఉంచాలా, తీసేయాలా?

విండోల నీడలు, పారదర్శకత అన్నీ దాని పనే. గ్రాఫిక్స్ మరీ పాతదైతే ట్వీక్స్‌లో ఆపేయండి, విండోలు చురుగ్గా కదులుతాయి. ఆపాక వీడియో అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తే మళ్లీ పెట్టుకోండి.

ప్యానెల్‌ను పక్కకు తిప్పితే అక్షరాలూ నిలువుగా తిరిగిపోయాయి. ఎలా?

1366×768 తెరలో కరువంతా ఎత్తుకే. అడుగున అడ్డంగా పరిచిన ప్యానెల్ ఆ కాస్త ఎత్తునూ తినేస్తుంది, కాబట్టి పక్కకు మార్చాలన్న ఆలోచన మంచిదే. ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో మోడ్ దగ్గర 'వర్టికల్' కాకుండా 'డెస్క్‌బార్' ఎంచుకోండి. ప్యానెల్ నిలువుగా ఉంటుంది, రాత అడ్డంగానే ఉంటుంది. చేత్తో లాగి జరపాలంటే ముందు 'లాక్ ప్యానెల్' టిక్ తీయాలి. ప్రయోగాలకు దిగేముందు 'ప్యానెల్ ప్రొఫైల్స్'లో ఇప్పటి అమరికను దాచుకోండి. అందులో సిద్ధంగా ఉన్న అమరికలూ కొన్ని ఉంటాయి.

సెట్టింగ్ ఫైల్‌ను చేత్తో దిద్దాను. లాగౌట్ అయి వచ్చేసరికి పాతదే ఉంది. ఎవరు చెరిపారు?

2009లో వచ్చిన 4.6 వెర్షన్ నుంచి ఈ డెస్క్‌టాప్ సెట్టింగ్‌లకు ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే గుమస్తా ఉన్నాడు. హోమ్ ఫోల్డర్‌లో దాగివున్న కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు అతని చిట్టాలు. లాగిన్ కాగానే వాటిని చదివి విలువలన్నీ మెమరీలో పెట్టుకుంటాడు. ఆ తర్వాత మీరు ఫైల్ దిద్దినా అతనికి తెలియదు. మరోసారి రాయాల్సి వచ్చినప్పుడు తన దగ్గరున్నదే మళ్లీ రాసేస్తాడు, మీ దిద్దుబాటు కాస్తా గల్లంతవుతుంది.

కాబట్టి ఏ మార్పయినా అతని ద్వారానే జరగాలి. దానికి 'సెట్టింగ్స్ ఎడిటర్' ఉంది. ఎడమవైపు ఛానెళ్లు కనిపిస్తాయి: ప్యానెల్‌కు ఒకటి, విండో మేనేజర్‌కు ఒకటి, కీబోర్డ్ షార్ట్‌కట్లకు ఒకటి. ఇక్కడ విలువ మారిస్తే చాలావరకు ఆ క్షణమే అమలవుతుంది. ఏ పేరు వెతకాలో తెలియకపోతే ఛానెల్ మీద కుడి క్లిక్ చేసి 'మానిటర్' తెరిచిపెట్టుకుని, మామూలు సెట్టింగ్స్‌లో ఒక టిక్ మార్చి చూడండి. మారిన ప్రాపర్టీ పేరు ఆ కిటికీలో పడుతుంది. మరీ చెడిపోయిందనుకుంటే అదే కుడి క్లిక్‌లో 'రీసెట్' ఉంది. అది ఆ ఒక్క ఛానెల్‌నే మొదటికి తెస్తుంది, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. తర్వాత ఒకసారి లాగౌట్ అయి లోపలికి రండి.