పాత మగ్గము - క్రొత్త యంత్రము

కలికిరి నుండి మదనపల్లెకు పోయి నీరుగట్టువారిపల్లె వీధులలో నడచినచో మగ్గముల చప్పుడు వినవచ్చును. అచ్చట పట్టుచీరలు నేయుదురు. ఒక్క చీర వెనుక ఎన్ని చిన్న వ్యాపారములు కలవో చూడుడు. పట్టునూలు అమ్మువాడొకడు, రంగు వేయువాడొకడు, అచ్చు లతుకువాడొకడు, మగ్గమునకు వలయు కొయ్యసామాను చేయు వడ్రంగి యొకడు. వీరి పెట్టుబడి స్వల్పము. నమ్మకమే వీరికి మూలధనము. కలికిరిలో 2013లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదట చూడవలసిన యంత్రశాల ఈ వీధియే యని నాకు తోచును.

నేడు 'అంకుర సంస్థ', 'స్టార్టప్' అను మాటలు తరచుగా వినబడుచున్నవి. ఒక క్రొత్త యూహ నిలుచునో నిలువదో తెలియకయే దానిపై సొమ్మును, కాలమును వెచ్చించు చిన్న సంస్థయే అది. క్రొత్తది వచ్చినచో పాతది నశించునని పలువురు తలంతురు. అట్లు జరుగుటయు కలదు. మరమగ్గములు చేనేత నమూనాలను అనుకరించి చౌకగా నమ్ముటచే నేతగాండ్రు చితికిపోయిరి. అందుచేతనే కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. కాని పాతక్రొత్తలకు వేరొక విధమగు సంబంధమును కలదు. దానిని చూచుటకు తెలంగాణములోని ఆలేరు ప్రాంతమునకు పోవలెను.

అచ్చట పోచంపల్లి పద్ధతిలో చీరలు నేయుదురు. ముందుగా నూలునకు కట్లు కట్టి రంగులలో ముంచి, పిమ్మట నేయుదురు. కట్లు కట్టుటకు ముందు నూలును ఒక క్రమములో మేకుల చుట్టు త్రిప్పవలెను. దీనినే 'ఆసు పోయుట' యందురు. అర్ధచంద్రాకారముగ నాటిన మేకులకును, వాని కెదురుగా నున్న మేకునకును నడుమ చేయి పోవుచు వచ్చుచు నుండవలెను. ఒక చీరకు సుమారు 9,000 మారులు! దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు. ఈ పని ఇంటి స్త్రీలది. ఒక్క పెన్సిలు పట్టుకొని నూరుమారులు చేయి చాచి ముడిచి చూడుడు. మిగిలినది మీకే తెలియును.

చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి యీ పని చేయుచు భుజముల నొప్పితో బాధపడుచుండెను. మల్లేశం చదువు చిన్ననాటనే ఆగిపోయినది. అయినను 1992లో ఆయన ఆసు పోయు యంత్రమును చేయ పూనుకొనెను. సొమ్ము కూడినప్పుడొక భాగము చేయును. అది పనిచేయక మరల మొదటికి వచ్చును. చూచినవారు నవ్విరి. తుదకు విసిగి హైదరాబాదు చేరి కూలిపనిలో కుదిరెను. అచ్చట బాలానగరులోని ఒక యంత్రశాలలో ఒక యంత్రము కదలికను చూడగా, తనకు చిక్కకున్న కీలకము తటాలున స్ఫురించెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరిట 'లక్ష్మీ ఆసు యంత్రము' అని పేరిడెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించెను.

ఈ యంత్రమును కొనువా రెవరు? పెద్ద మిల్లులు కావు, నేత కుటుంబములే. ఆ నేత లేనిచో దీని నడుగువాడే యుండడు. ఆసు పోయువారు దొరకనిచో మగ్గమును ఆగిపోవును. యంత్రము చీరను నేయదు, కట్లు కట్టదు. నేర్పునంతయు నేతగాని చేతిలోనే విడిచి, నొప్పిని మాత్రము తీసికొన్నది. మరమగ్గమునకు దీనికి భేద మిచ్చటనే యున్నది. అయితే ఇందు నష్టమే లేదనరాదు. పరుల యిండ్లకు కూలికి ఆసు పోసిన స్త్రీలకు ఆ కూలి తగ్గక మానదు. యంత్రము కొనుటకు బీద కుటుంబము అప్పు చేయవలసి యుండును. మిగిలిన గంటలలో నేసిన చీర అమ్ముడుపోయిననే ఆ అప్పు తీరును.

మరల నీరుగట్టువారిపల్లెకు వత్తము. పట్టుమగ్గముపై రంధ్రములు గల అట్టలు వ్రేలాడు ఒక సాధనమును మీలో కొందరు చూచియుందురు. దానిని జకార్డు అందురు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1804 ప్రాంతమున జోసెఫ్ మేరీ జకార్డు దానిని రూపొందింపగా, తమ కూడు పోవునని అచ్చటి నేతగాండ్రు దానిని ప్రతిఘటించిరి. నేడు మన నేతగాడు అట్టలను సరిచేసికొనుచు, అదియు తాతలనాటి మగ్గములో ఒక భాగమే యనుకొనును.